4 ఏళ్లప్పుడు స్ట్రోక్ వచ్చింది, బాగా కోలుకుంది అన్నారు. ఇప్పుడు మూడో తరగతిలో ఈ ఇబ్బందులు దానివల్లేనా?

వానచినుకు:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా పాపకి 4 ఏళ్లప్పుడు స్ట్రోక్ వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు చికెన్‌పాక్స్ వచ్చి తగ్గిపోయింది, ఆ సంగతి మేం మర్చిపోయాం కూడా. ఒకరోజు పొద్దున మంచం దిగబోయి కూలబడిపోయింది. కుడి చెయ్యి వేలాడిపోతోంది, మూతి ఒక పక్కకి పోయింది, ఏదో చెప్పాలని నా మొహంలోకి చూస్తోంది కానీ మాట రావట్లేదు. మొదట చూసిన డాక్టర్ గారు నిద్రలో ఫిట్స్ వచ్చి ఉంటుంది, ఆ నీరసానికే ఇలా ఉంది అన్నారు. ఎమ్మారై తీసేసరికి మర్నాడైంది. మెదడులో ఎడమవైపుకి వెళ్లే రక్తనాళం వాచి సన్నబడిందని, చికెన్‌పాక్స్ వచ్చిన ఏడాదిలోపు కొద్దిమంది పిల్లల్లో ఇలా జరుగుతుందని అప్పుడు చెప్పారు.

మాట కొన్ని వారాల్లో తిరిగొచ్చింది. నడక కూడా వచ్చేసింది. చాలాకాలం ఫిజియో చేయించాం, ఆస్పిరిన్ వాడాం, ఆఖరి స్కాన్‌లో నాళం మారలేదు, నిలకడగా ఉంది, పాప చాలా బాగా కోలుకుంది అని చెప్పి ఆస్పిరిన్ ఆపేశారు. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నాం.

ఇప్పుడు 8 ఏళ్లు, మూడో తరగతి. పుస్తకం గడగడా చదివేస్తుంది, ఏం చదివావమ్మా అంటే చెప్పలేదు. "బ్యాగు లోపల పెట్టి, బట్టలు మార్చుకుని, డైరీ తీసుకురా" అంటే బ్యాగు పెట్టేసి అక్కడే నిలబడిపోతుంది. బోర్డు మీది లెక్క దించుకునేలోపు టీచర్ తుడిచేస్తారు. స్కూల్లో బుద్ధిమంతురాలు, ఇంటికొచ్చిన గంటలో మాత్రం పెన్సిల్ ముక్కు విరిగినా సరే ఇల్లు పీకి పందిరేస్తుంది. టీచర్ "తెలివైన పిల్లే, శ్రద్ధే లేదు" అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్లు గారాబం అంటున్నారు. పోయిన ఏడాది నుంచి కుడి మడమ నేలకి సరిగ్గా ఆన్చట్లేదని కూడా నాకు అనుమానం.

నా ప్రశ్న ఒకటే. 4 ఏళ్ల తర్వాత మొదలైన ఇబ్బందులు ఆ స్ట్రోక్ వల్ల వచ్చాయా, లేక మేమే ప్రతిదానికీ దాన్ని అంటగడుతున్నామా? ఇంకో భయం, అడగకుండా ఉండలేకపోతున్నాను: మళ్లీ వస్తుందా?

సూటిగా_చెప్తా:

పిల్లలకి పక్షవాతం రావడమేంటండీ, అది బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి వచ్చేది కదా. ఒకవేళ వచ్చినా చిన్నపిల్లల మెదడు మైనంలాంటిది, ఎలా కావాలంటే అలా సర్దుకుంటుంది. డాక్టరే బాగుంది అన్నాక మీరెందుకు టెన్షన్ పడటం? ఈ వయసు పిల్లలంతా ఇంతే, మావాడూ అంతే.

నీలిగాలిపటం:

పై అన్నయ్య గారికి: వస్తుందండీ. కడుపులో ఉండగానే కూడా వస్తుంది. మావాడికి అలాగే వచ్చింది.

వానచినుకు గారూ, మావాడికిప్పుడు 14. పుట్టినప్పుడు ఏ తేడా తెలియలేదు. 5 నెలలప్పుడు ఏ బొమ్మ ఇచ్చినా కుడి చేత్తోనే అందుకునేవాడు, ఎడమ చెయ్యి గుప్పిట బిగించి ఒంటికి అంటుకుని ఉండేది. చూసినవాళ్లంతా "అబ్బో అప్పుడే కుడిచేతి వాటం" అని మురిసిపోయారు. ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ సమానంగా వాడాలి, ఒకదాన్నే వాడుతున్నారంటే రెండోదాన్ని చూపించాలి అని మాకు చెప్పింది టీకాల దగ్గర కూర్చునే ఒక నర్సు. స్కాన్‌లో పాత మచ్చ కనబడింది. పుట్టుకకి కొన్ని వారాల ముందు మొదలుకుని పుట్టాక 28 రోజుల లోపు వచ్చే స్ట్రోకులు మరీ అరుదు కావట, కొన్ని వేల కాన్పుల్లో ఒకరికి వస్తాయట. నేను గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నాను, ఎక్కడ కాలుజారాను అని తవ్వుకుంటూ కూర్చున్న రోజులు కోకొల్లలు. డాక్టరమ్మ చాలా గట్టిగా చెప్పారు, తల్లి చేసిన పని వల్లో చెయ్యని పని వల్లో వచ్చేది కాదిది అని. మీక్కూడా ఎవరైనా అలాంటి మాట అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి.

మీ ప్రశ్నకొస్తే, మావాడి విషయంలోనూ అచ్చం ఇలాగే జరిగింది. రెండో తరగతి దాకా ఫస్ట్ వచ్చేవాడు. మూడు, నాలుగులో లెక్కలు పెద్దవైనప్పుడు, పేరాలు రాయాల్సొచ్చినప్పుడు ఒక్కసారిగా వెనకబడ్డాడు. వాడిలో కొత్తగా ఏదీ పాడవలేదు. అప్పటిదాకా ఆ పని అవసరం పడలేదు, అంతే. ఒక దారిలో దెబ్బ ఉంది, వాడు ఆ దారిలో నడవాల్సిన వయసొచ్చాకే అది బయటపడింది. ఇది స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో మామూలుగా జరిగేదే అని వాడిని చూసే న్యూరాలజిస్ట్ కూడా అన్నారు.

చేతిపని:

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే పని), ఇలాంటి పిల్లలతోనే నా ఉద్యోగం. మీ పాపని చూడకుండా దేనివల్ల అని తేల్చలేను కానీ మీరు రాసింది చదువుతుంటే గారాబం అనే మాట మాత్రం నాకు మనసొప్పట్లేదు.

ముందు ఆ "మైనం" సంగతి తేలుద్దాం, ఎందుకంటే ఇది డాక్టర్ల నోటా వింటూనే ఉంటాను. 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ అనే ఆవిడ కోతుల మీద ప్రయోగాలు చేసి, చిన్నవయసులో మెదడుకి దెబ్బ తగిలితే కదలికలు బాగా తిరిగొస్తాయని చూపించారు. ఆవిడ జాగ్రత్తగానే రాశారు, తర్వాతివాళ్లు దాన్ని "ఎంత చిన్నవయసైతే అంత మంచిది" అని సాగదీశారు. అది సగం నిజం. నిజమైన సగం: పుట్టిన కొత్తలో ఎడమ మెదడుకి దెబ్బ తగిలినా మాటలు వస్తాయి, ఆ పని కుడివైపు అందుకుంటుంది. పెద్దాయనకి అదే చోట దెబ్బ తగిలితే మాట పోయి మళ్లీ రాకపోవచ్చు. రెండో సగం ఎవరూ చెప్పరు. ఒకే గదిలో రెండు సంసారాలు సర్దుకున్నట్టు, కుడివైపు తన పనికితోడు మాటల పని కూడా నెత్తినేసుకుంటే ఏదో ఒకటి ఇరుకున పడుతుంది. పైగా ధ్యాస నిలపడం, చెప్పింది మనసులో పట్టుకుని ఉండటం, ఒక పనికి ముందూ వెనకా ప్లాన్ వేసుకోవడం, ఇవన్నీ మెదడు ముందు భాగం చేసే పనులు, ఆ భాగం ఎదగడం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తికాదు. చిన్నప్పుడు ఆ దారుల్లో ఎక్కడ తెగినా, వాటిమీద కట్టాల్సినవి కట్టే వయసొచ్చినప్పుడే తేడా కనబడుతుంది.

మీరు చెప్పిన మూడు పనుల ఉదాహరణ చూడండి. బ్యాగు పెట్టింది, అంటే విన్నది, ఒప్పుకుంది, మొదలుపెట్టింది. మిగతా రెండూ తలలో నిలవలేదు. మొండితనమైతే మొదటిది కూడా చెయ్యదు. బోర్డు సంగతి: ఆలోచన వేగం తక్కువగా ఉండటం స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో చాలా ఎక్కువగా కనబడుతుంది, దానికి చేతి ఇబ్బంది కూడా తోడైతే ఇక రాత ఎలా సాగుతుంది? సాయంత్రం గొడవ కూడా వింతేం కాదు. మిగతా పిల్లలు ఆలోచించకుండా చేసేసే పనులు ఈ పిల్ల కష్టపడి చేస్తూ, స్కూల్ అయ్యేదాకా బిగబట్టుకుని, ఇంటికొచ్చాక వదిలేస్తుంది.

కాబట్టి అడగాల్సింది న్యూరోసైకాలజీ పరీక్ష. ఇది ఎమ్మారై లాంటిది కాదు, సైకాలజిస్ట్ ఎదురుగా కూర్చోబెట్టి కొన్ని గంటలు ఆటల్లా, పజిళ్లలా చేయిస్తారు. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకి ఎక్కువగా వెక్స్‌లర్ స్కేల్ అనే తెలివితేటల పరీక్ష వాడతారు. మొత్తం ఐక్యూ నార్మల్ అని చెప్పి పంపించేస్తే మాత్రం ఊరుకోకండి. ఈ పిల్లల్లో ఐక్యూ చాలామందికి మామూలు హద్దులోనే ఉంటుంది. విడివిడి స్కోర్లు అడగండి, మాటల అవగాహన ఎంత, జ్ఞాపకం ఎంత, వేగం ఎంత అని. ఒకటి బాగా పైన, ఒకటి బాగా కింద ఉంటే సగటు చూసి ఏం లాభం. చూపు కూడా చూపించండి. కళ్లు బాగానే ఉండి, మెదడులో దెబ్బ వల్ల ఒక పక్క కనబడని పిల్లలుంటారు. వాళ్లకి అది లోటని తెలియదు, పుస్తకంలో వరస తప్పుతూ ఉంటారు, గుమ్మాలకి ఒకే భుజం గుద్దుకుంటూ ఉంటుంది.

మడమ సంగతి ఆలస్యం చెయ్యకండి. ఎముక గబగబా పెరిగే వయసులో బిగుసుగా ఉన్న పిక్క కండరం దాంతోపాటు సాగదు, మడమ లేచిపోతుంది. ఇప్పుడైతే సాగదీసే వ్యాయామాలు, రాత్రిపూటో పగలో స్ప్లింట్ (పాదాన్ని సరిగ్గా పట్టి ఉంచే పట్టీ), అవసరమైతే బిగుసుకున్న కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్‌తో సరిపోవచ్చు (దాని పని 3, 4 నెలలే, ఆ గడువులో ఫిజియో చేయిస్తేనే ఫలితం). వదిలేస్తే ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఫిజియో ఒకసారి చేసి ముగించేది కాదు, పిల్ల ఎత్తు పెరిగినప్పుడల్లా మళ్లీ ఒకసారి చూపించాలి.

ఇద్దరు_పిల్లల_నాన్న:

మళ్లీ వస్తుందా అన్నదానికి రాస్తున్నా. అది ముందు ఎందుకు వచ్చిందన్నదాని మీద ఉంటుంది. పక్క పిల్లల కథ మీ పాపకి అన్వయించుకోకండి, నాది కూడా.

పుట్టుకకి అటూ ఇటూగా వచ్చినవి మళ్లీ రావడం చాలా అరుదు. చికెన్‌పాక్స్ తర్వాత నాళం వాచి వచ్చే రకం మొదటి కొన్ని నెలలే గండం, తర్వాత స్కాన్‌లో నిలకడగా ఉంటే ప్రమాదం బాగా తగ్గిపోతుందని మా డాక్టర్ చెప్పారు. మీ పాపది అదే అయితే 4 ఏళ్లు గడిచాయి, ఆఖరి స్కాన్ బాగుంది, అది ధైర్యమిచ్చే విషయమే.

మా పెద్దవాడిది మోయమోయ. మెదడు అడుగున ఉండే పెద్ద నాళాలు రెండుపక్కలా మెల్లగా మూసుకుపోతుంటాయి, అది ఆగదు. వాడు గట్టిగా ఏడ్చినా, వేడి గిన్నె మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నా కాసేపు చెయ్యి పడిపోయేది, పది నిమిషాల్లో మామూలే. గట్టిగా గబగబా ఊపిరి తీస్తే మెదడు నాళాలు ఇంకా ముడుచుకుంటాయట, అందుకని. ఏడుపులో నాటకమాడుతున్నాడనుకున్నారు చుట్టాలు. తలపై చర్మానికి రక్తమిచ్చే నాళాన్ని మెదడు మీదికి మళ్లించే ఆపరేషన్ అయ్యాక అలా చెయ్యి పడిపోవడం ఆగింది. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న పిల్లలకైతే అసలు స్ట్రోక్ రాకముందే తల మీద డాప్లర్ స్కాన్ పెట్టి రక్తం వేగం చూస్తారు, మరీ ఎక్కువుంటే క్రమంగా రక్తం ఎక్కిస్తారు. అలా ఎక్కిస్తే స్ట్రోకులు 90 శాతం దాకా తగ్గాయని 1998లోనే తేలింది. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లల లెక్క వేరు.

కారణం ఏదైనా మీరు, స్కూలువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది: హఠాత్తుగా ఒక పక్క చెయ్యో కాలో పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఎన్నడూ లేనంత తలనొప్పితో వాంతులైనా, ఒక పక్కే కొట్టుకునే ఫిట్స్ వచ్చినా, "కాసేపు చూద్దాం" అనకుండా అత్యవసర విభాగానికి పరిగెత్తడమే. వెళ్లగానే మొదటి వాక్యంగా "ఈ పాపకి ఇదివరకు స్ట్రోక్ వచ్చింది" అని చెప్పండి. పిల్లల్లో ఫిట్సో మైగ్రేనో అనుకుని గంటలు గడిచిపోవడం మీరే చూశారుగా. ఇంకా ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే: పిల్లకి ఫ్లూ గానీ చికెన్‌పాక్స్ గానీ వస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, ఆ జ్వరాల్లో ఆస్పిరిన్ వల్ల రైస్ సిండ్రోమ్ అని కాలేయానికీ మెదడుకీ ప్రమాదం ఉంది, అరుదే కానీ ఉంది. అలాగని మీ అంతట మీరు మందు ఆపొద్దు.

సూటిగా_చెప్తా:

సరే, ఇంత ఉందని తెలీదు. ఆ సగటు స్కోరు విషయం మావాడికి కూడా అడగాలేమో.

ఎడమచేత్తో:

నాకు 9 ఏళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు 27. ఉద్యోగం చేస్తున్నా. ఇవన్నీ తల్లిదండ్రులు రాసేవే ఉన్నాయి కాబట్టి లోపలినుంచి ఎలా ఉంటుందో నేను రాస్తా.

అలసట. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆటలాడి అలిసిపోయినట్టు ఉండదు. గదిలో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే కొంతసేపటికి మాటలు వినబడతాయి కానీ లోపలికి వెళ్లవు. స్కూల్లో మధ్యాహ్నం తర్వాతి పీరియడ్లు నాకు గుర్తే లేవు, కూర్చున్నాను అంతే. ఇంటికెళ్లగానే ఒక అరగంట ఎవరూ ఏమీ అడగకుండా చీకటి గదిలో పడుకోనిచ్చేది మా అక్క, మిగతావాళ్లు "స్కూల్లో ఏం చెప్పారు" అని వెంటపడేవాళ్లు. మీ పాప వచ్చిన గంటలోపు ఏదీ అడక్కండి. హోంవర్క్ ఆ తర్వాత.

రెండోది, చెయ్యి. "కుడి చెయ్యి వాడు, కుడి చెయ్యి వాడు" అని రోజంతా వింటే ఆ చెయ్యి మీదే అసహ్యం పుడుతుంది. నాకు మంచి చేతికి గ్లౌజు తొడిగి బలహీనమైన చేత్తో పనులు చేయించే థెరపీ చేశారు, పనిచేసింది, అబద్ధం చెప్పను, కానీ అది కొన్ని వారాల కోసం పెట్టుకున్న పని. అది కాక మిగతా కాలంలో రెండు చేతులూ లేకపోతే కుదరని పనులు పెట్టండి. సీసా మూత తిప్పడం, కాగితం పట్టుకుని కత్తిరించడం, పూసలు గుచ్చడం. అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు, రెండో చెయ్యి దానంతటదే వస్తుంది. నేను షర్టు బొత్తాలు ఇప్పటికీ బొటనవేలితో కాజాలోకి తోసి, మిగతాది పళ్లతో లాగుతా. ఎవరైనా చూస్తే చూడనీ.

ఇంకొకటి, టీనేజీలో దిగులు. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు నేను చాలా కుంగిపోయాను, అది వయసు వల్లో స్ట్రోక్ వల్లో నాకు తెలీదు, తేల్చుకోవాల్సిన అవసరం కూడా లేదు. అప్పటికి కౌన్సెలర్ ఉంటే బాగుండేది. ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

వానచినుకు:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మా న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేసి పరీక్ష సంగతి అడిగాను, రాసిస్తాను అన్నారు. మడమ కూడా చూస్తారట. గుమ్మానికి భుజం తగలడం గురించి చదివి నిన్నంతా దాన్నే గమనిస్తూ కూర్చున్నా, అదైతే లేదు.

ఇంకో రెండు అడుగుతా. స్కూల్‌కి ఏం చెప్పాలి? "స్ట్రోక్ వచ్చింది" అంటే జాలిపడి పక్కన కూర్చోబెట్టేస్తారేమోనని భయం. ఇక పాపకి ఎంత చెప్పాలి? తనకి ఆ రోజు ఏమీ గుర్తులేదు, మేం ఎప్పుడూ ఎత్తలేదు.

చేతిపని:

స్కూల్‌కి జబ్బు పేరు ఒక్క లైనులో చెప్పి, మిగతాదంతా ఏం చెయ్యాలో చెప్పండి. "శ్రద్ధ పెట్టించండి" లాంటివి ఎవరికీ ఉపయోగపడవు. బోర్డు మీది లెక్క కాగితం మీద ముందే ఇవ్వండి, దించుకోమనకండి. ఒకసారికి ఒక్క పనే చెప్పండి, లేదంటే రాసి బల్లకి అంటించండి. పరీక్షలో అదనపు సమయం, పది లెక్కలకి బదులు అయిదు, కష్టమైన సబ్జెక్టు పొద్దున. కుడి మోచేతికి చోటుండేలా బెంచీ చివర కూర్చోబెట్టండి. ఇలా. పరీక్ష రిపోర్టులోనే ఈ సిఫార్సులు రాయమని సైకాలజిస్ట్‌ని అడగండి, తల్లి చెప్తే సాకు అనుకునేవాళ్లు కూడా లెటర్‌హెడ్ మీద ఉంటే వింటారు. ప్రతి ఏడాదీ టీచర్ మారినప్పుడల్లా ఇదంతా మొదటినుంచి చెప్పాలి, అదొక విసుగు, తప్పదు. పెద్ద స్కూల్‌కి మారే ముందు పరీక్ష మళ్లీ ఒకసారి చేయించండి, అప్పటికి చదువు బరువు వేరు, ఇబ్బందులూ వేరుగా ఉంటాయి.

నీలిగాలిపటం:

ఆటల నుంచి మాత్రం తప్పించనివ్వకండి. మావాడిని మూడేళ్లు స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు, కాలికి ఏం అడ్డమొచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఎడమచేత్తో:

పాపకి చెప్పండి. నాకు చెప్పలేదు. ఏదో "నరాల నీరసం" అన్నారు. 15 ఏళ్లప్పుడు పాత ఫైల్ చూసి తెలుసుకున్నా. అప్పటిదాకా నేను మొద్దుని, బద్ధకస్తుణ్ణి అని నాకు నేనే ఖాయం చేసుకున్నా. ఎనిమిదేళ్ల పిల్లకి పెద్ద కథ అక్కర్లేదు. "నువ్వు చిన్నప్పుడు నీ మెదడులో ఒకచోటికి కాసేపు రక్తం అందలేదు, అక్కడ కొంచెం దెబ్బ తగిలింది, అందుకే కొన్ని పనులకి నీకు ఎక్కువ టైమ్ పడుతుంది, అది నీ తప్పు కాదు" అంటే చాలు. కావాలంటే స్కాన్ ఫిల్మ్ చూపించండి, పిల్లలకి తమ మెదడు బొమ్మ భలే నచ్చుతుంది. మళ్లీ మళ్లీ అడుగుతుంది, ప్రతిసారీ ఇంకొంచెం చెప్తే సరి. మళ్లీ వస్తుందా అని తను అడిగితే "డాక్టర్లు చూశారు, వచ్చే అవకాశం చాలా తక్కువ, వస్తే ఏం చెయ్యాలో మాకు తెలుసు" అనండి.